రాయికి నంబరుంది, ఆమెకి పేరేదీ?

ఆత్మకూరు నుంచి వచ్చి ఎం.ఏ. చదువుతున్న ఒక విద్యార్థిని సారా వ్యతిరేక ఉద్యమం మీద రాసిన పరిశోధనా వ్యాసాన్ని నాకు చూపించింది. ఉదయగిరి వైపు పల్లెల్లో తిరిగి, ఆనాడు సారా కొట్లు మూయించిన ఆడవాళ్ళతో మాట్లాడి రాసింది. ఆధారాల పట్టికలో పుస్తకాలకి రచయిత, శీర్షిక, ప్రచురణకర్త, సంవత్సరం కామాలతో సహా ఉన్నాయి. ఆ ఆడవాళ్ళందరికీ కలిపి ఒకే లైను: ‘గ్రామ మహిళలతో ముఖాముఖి’. కాలేజీలో ఇచ్చిన నమూనాలో అంతకు మించి చోటు లేదట.

అదే వ్యాసంలో ఉదయగిరి కోట ప్రస్తావన కూడా ఉంది. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట అది. నెల్లూరు జిల్లా శాసనాలని బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు సంపుటాలుగా అచ్చు వేశారు. తాలూకాల వారీగా నంబర్లిచ్చారు. ‘ఉదయగిరి’ అనో ‘ఆత్మకూరు’ అనో రాసి పక్కన అంకె వేస్తే చాలు, ఏ శాసనమో ఎవరైనా వెతికి పట్టుకోవచ్చు. ఐదొందల ఏళ్ళనాటి రాయికి ఇంత స్పష్టమైన చిరునామా ఉంది. అదే నేల మీద మన కాలంలోనే పోరాడిన మనిషికి ఎందుకు లేదు?

వాళ్ళు చేసింది చిన్న పని కాదు. 1990ల మొదట్లో అక్షరదీపం రాత్రిబడుల్లో చదువు నేర్చుకుంటూ, వాచకంలోని ‘సీతమ్మ కథ’లో తమ బతుకులనే చూసుకున్నారు. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్ళు సారాకి ఎదురు తిరిగారు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగకుండా అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారు. రోశమ్మ పేరు చరిత్రలో నిలిచింది. మిగిలిన వాళ్ళు ‘మహిళలు’ అనే బహువచనంలో కలిసిపోయారు.

పద్ధతుల్లోనూ రాజకీయం ఉంది. ఏపీఏ పద్ధతిలో అచ్చుకాని సంభాషణ ఆధారాల పట్టికలోకే రాదు. ఎంఎల్ఏ పద్ధతిలో మాట్లాడిన మనిషి పేరే ముందు వస్తుంది. కెనడాలో ఆదివాసీ పెద్దల మాటని పుస్తకంతో సమానంగా పట్టికలో చేర్చడానికి లోరీసియా మక్‌లౌడ్ 2021లో కొత్త నమూనాలు ప్రచురించారు. మనకైతే అంత దూరం వెళ్ళే పని కూడా లేదు. స్త్రీశక్తి సంఘటన 1986లోనే ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ పోరాట స్త్రీల మాటల్ని వాళ్ళ పేర్లతోనే అచ్చు వేసింది.

మేమిద్దరం కూర్చుని ఒక వరస అనుకున్నాం: మాట్లాడినామె పేరు, ఊరు, మండలం, అప్పట్లో ఆమె చేసిన పని, మాట్లాడిన తేదీ, ఎవరితో, రికార్డింగు ఎక్కడుంది. మొదటి మాట దగ్గరే చిక్కొచ్చింది. పట్టికని ఇంటిపేరు అక్షరక్రమంలో పెట్టాలి. ఏ ఇంటిపేరు? రేషన్ కార్డులో ఉన్నది మొగుడి ఇంటిపేరు. ఊళ్ళో ఆమెని పిలిచేది ఫలానావాడి అమ్మ అని. ఏ పేరుతో రాయాలో ఆమెనే అడగాలి. మొగుడి దెబ్బల గురించి చెప్పినామె తన పేరు వద్దంటే మారుపేరు పెట్టి, అది మారుపేరని రాయాలి. పేరు దాచుకునే హక్కు ఆమెది. దాన్ని మనం పోగొట్టడం వేరే సంగతి.

పేరూ తేదీ లేని మాటని రేపెవరైనా ‘ఎవరో అన్నారట’ అని కొట్టిపారేయగలరు. ఉద్యమాన్ని వెనక నుంచి ఎవరో నడిపించారని వాదించేవాళ్ళకి జవాబు ఈ ఆడవాళ్ళ మాటల్లోనే ఉంది. ఆనాటి యువతులు ఇప్పుడు అరవై దాటుతున్నారు. మీ విద్యార్థులెవరైనా పల్లెలకి వెళ్తుంటే, మొదటి ప్రశ్న ఇదే అడగమనండి: ‘అమ్మా, మీ పేరు ఎట్లా రాయమంటారు?’