కడప పడమటి తాలూకాలు: కరువు, నీరు, నేలపై పరిశోధనల చరిత్ర

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. కడప జిల్లా పడమటి వైపున పెన్నా, చిత్రావతి, పాపాఘ్ని నదుల నడుమ ఉన్న ఈ మూడు ఊళ్ల చుట్టూ విస్తరించిన ప్రాంతాన్ని చరిత్రకారులు రేనాడు అంటారు. తొలి తెలుగు శాసనంగా పేరొందిన కలమళ్ల శాసనం, క్రీ.శ. 575 నాటిది, ఈ నేల మీదే దొరికింది. నదుల పేర్లకు కొదవ లేదు గానీ వానకు కొదవ. ఇక్కడి జనం బతుకును, కరువును, నీటిని, నేల అడుగున ఉన్న రాతిని అర్థం చేసుకోవడానికి రెండు వందల ఏళ్లకు పైగా ప్రయత్నం సాగుతూ ఉంది. కలెక్టర్లు, భూగర్భ శాస్త్రవేత్తలు, కథకులు, వైద్యులు, చివరికి రైతులు కూడా అందులో పాలుపంచుకున్నారు. కొలత ఎవరు వేశారు, ఎవరి అవసరానికి వేశారు అన్న ప్రశ్న ఈ చరిత్ర పొడుగునా వెన్నంటే ఉంటుంది.

దొరలు రావడానికి చాలా ముందే ఈ జిల్లావాళ్లకు నీటి లెక్క తెలుసు. తూర్పు వైపున్న పోరుమామిళ్లలో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన సంస్కృత శాసనం ఒక చెరువు శాస్త్రం. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, తప్పించుకోవలసిన ఆరు దోషాలను అది వివరంగా చెబుతుంది. జలశాస్త్రం తెలిసిన మనిషి ఉండాలంటుంది. చవిటి నేల పనికిరాదంటుంది. నీళ్లు కొంచెం, నేల విస్తారం అయినా దోషమే. నీళ్లు విస్తారం, నేల కొంచెం అయినా దోషమే. రోజూ వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లపాటు పనిచేసి ఆ చెరువు కట్టారని కూడా శాసనంలో ఉంది. కట్టినవాళ్లే తమ అనుభవాన్ని సూత్రాలుగా మార్చి రాతి మీద చెక్కించారు. ఆ తర్వాత నాలుగు శతాబ్దాలకు వచ్చిన కొలతల తీరు వేరు.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1802లో చేను చేనునూ గొలుసుతో కొలిపించే సర్వే మొదలుపెట్టాడు. మెట్ట, మాగాణి, తోట అని నేలను విడదీసి, రకాన్ని బట్టి శిస్తు కట్టించాడు. అంతకు ముందు ఈ పల్లెల ఆర్థిక స్థితిని ఇంత దగ్గరగా చూసినవారు లేరు. ఉద్దేశం శిస్తే అయినా, చూసిన కళ్లు నిజాన్ని దాచలేదు. భూమి మీద భారం ఎక్కువైందని, అన్ని భూముల మీదా నూటికి 25 వంతులు, బావుల కింది తోటలకు అంతకు మరో 8 వంతులు తగ్గించాలని మన్రో 1807లో సిఫారసు చేశాడు. కంపెనీ వెంటనే వినలేదు. ఆయన మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చిన 1820 దాకా ఆ ఊరట రైతుకు అందలేదు. పరిశోధకుడు సత్యం చెప్పినా, అది ఖజానాకు గిట్టకపోతే పదమూడేళ్లు మూలపడి ఉంటుందని ఈ తొలి సర్వేలోనే తేలిపోయింది.

అదే కాలంలో సర్వే అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫీయత్తులు, అంటే ఊరి చరిత్రలు, రాయించారు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు నడిపించిన ఈ పనిలో కరణాల కవిలెలే ఆధారం. ఊరు ఎలా వెలిసింది, చెరువు ఎవరు తవ్వించారు, ఏ ఈనాం ఎవరికి చెందింది, పాళెగాళ్లు ఏం చేశారు వంటివన్నీ అందులో ఉన్నాయి. గండికోట చరిత్రకూ, జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల చరిత్రకూ ఇవే పెద్ద గని. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌను వీటి విలువ గుర్తించినవారిలో ముఖ్యుడు. ఆయన బంగళా ఉన్న చోటే ఇరవయ్యో శతాబ్దంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో గ్రంథాలయం లేచింది. కడప జిల్లా కైఫీయత్తులు సంపుటాలుగా అచ్చయింది ఆ గ్రంథాలయమే ఎదిగి అయిన భాషా పరిశోధన కేంద్రం నుంచే.

నేల పైపొర సంగతి ఇలా ఉండగా, అడుగున ఉన్న రాతిని విలియం కింగ్ చదివాడు. కడప, కర్నూలు శిలా సముదాయాల మీద ఆయన గ్రంథం 1872లో భారత భూగర్భ సర్వే సంస్థ ప్రచురణగా వచ్చింది. వేంపల్లె, పులివెందుల, నర్జి, జమ్మలమడుగు అన్న పేర్లు నేడు భూగర్భ శాస్త్ర విద్యార్థులకు రాతి పొరల పేర్లుగా పరిచయం. పల్లెవాళ్లకు నాపరాయిగా, ముగ్గురాయిగా, రాతినారగా తెలిసినవే ఆ పొరలు. బతుకుతెరువైనా, బతుకు మీది గొడవైనా ఆ తర్వాత వాటిలోంచే పుట్టాయి.

జె.డి.బి. గ్రిబుల్ రాసిన కడప జిల్లా మాన్యువల్ 1875లో అచ్చయింది. పంటలు, నీలిమందు, కులాలు, ఆలయాలు, రోడ్లు అన్నీ అందులో ఉన్నాయి. సరిగ్గా మరుసటి ఏడాదే ధాత కరువు వచ్చింది.

1876–78 నాటి ఆ కరువు దత్త మండలాలను పీల్చి పిప్పి చేసింది. ఒక మనిషి బతకడానికి ఎంత తిండి కావాలన్న ప్రశ్న మీద ప్రభుత్వంలోనే పెద్ద వాదం నడిచింది. కరువు పనులకు వచ్చిన కూలీకి రోజుకు ఒక పౌండు ధాన్యం చాలునని ప్రభుత్వ ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ తగ్గించాడు. అది చాలదని, మనిషి శుష్కించి చస్తాడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ వైద్య ఆధారాలతో ఎదిరించాడు. కూలి మళ్లీ పెంచక తప్పలేదు. 1880 నాటి కరువు కమిషన్ నివేదిక, ఆ వెనుక వచ్చిన కరువు నిబంధనావళి ఈ అనుభవంలోంచి పుట్టినవే. ఆకలి మీద శాస్త్రీయమైన చర్చ మన దేశంలో ఇంత బాహాటంగా జరిగిన తొలి సందర్భాల్లో ఇదొకటి. ఆ చర్చకు సాక్ష్యంగా నిలిచినవి గంజి కేంద్రాల ముందు వరుస కట్టిన ఈ ప్రాంతాల మనుషుల శరీరాలు. ఈ మాట మరవకుండా ఆ నివేదికలు చదవాలి.

సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి కడప దాకా తవ్విన కర్నూలు–కడప (కె.సి.) కాలువ కథ కూడా కరువుతో ముడిపడ్డదే. ఒక ప్రైవేటు కంపెనీ పడవలకూ, పైరుకూ పనికొస్తుందని దాన్ని తవ్వింది. లాభం రాక చివరికి 1882లో ప్రభుత్వానికి అమ్మేసింది. మామూలు ఏళ్లలో నీటి తీరువకు వెనకాడిన రైతులకు కరువేళ ఆ నీళ్లే దిక్కయ్యాయి. ప్రొద్దుటూరు వైపు కొన్ని పల్లెలకు కాలువ కింద వరి దక్కింది. పులివెందుల మెట్టకు దక్కలేదు. ఒకే జిల్లాలో నీళ్లున్న ఊరు, నీళ్లు లేని ఊరు అన్న తేడా అలా గట్టిపడింది.

1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు దత్త మండలాలకు రాయలసీమ అని పేరు పెట్టారు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, సీమ నాయకులు కుదుర్చుకున్న ఒడంబడిక నీటిపారుదలలో సీమకు ముందు వంతు ఇస్తామంది. అప్పటి నుంచి సీమ మీద వచ్చిన చాలా అధ్యయనాల్లో ఆ మాట ఎంతవరకు నిలబెట్టుకున్నారన్న లెక్క ఒకటి ఉంటుంది. ఆ లెక్కను జనం భాషలో చెప్పినవారిలో ప్రొద్దుటూరు వైద్యుడు, శాసనసభ్యుడిగా కూడా పనిచేసిన ఎం.వి. రమణారెడ్డి మొదట గుర్తుకొస్తారు. ఆయన రాసిన ‘రాయలసీమ కన్నీటి గాథ’ ఏ విశ్వవిద్యాలయం చేయించిన అధ్యయనమూ కాదు. అయినా ఒక తరం యువకులకు నీటి రాజకీయం నేర్పిన పుస్తకం.

ఎర్రగుంట్ల ప్రాంతంలోని రంగశాయిపురంలో పుట్టిన కథకుడు కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద పరిశోధించి డాక్టరేటు పొందారు. ఊరి పేరును పర్యావరణ పత్రంగా చదవవచ్చునని ఇలాంటి పని చూస్తే తెలుస్తుంది. మడుగు, కుంట, వంక, చెరువు అన్న మాటలు ఒకనాడు నీళ్లు ఎక్కడ నిలిచేవో చెబుతాయి. తుమ్మ, చింత అన్నవి ఏ చెట్టు నీడన ఊరు వెలిసిందో చెబుతాయి. ఊరి పేర్లే కాదు, ఊరి కక్షలూ పరిశోధనకు విషయమయ్యాయి. ఫ్యాక్షన్ మీద సినిమాలు చెప్పినదానికంటే నమ్మదగిన మాటలు హక్కుల కార్యకర్త కె. బాలగోపాల్ (1952–2009) వ్యాసాల్లో దొరుకుతాయి. ముఠా కక్షల వేర్లను ఆయన సీమ మనుషుల రక్తంలో వెతకలేదు, ఊరి పెత్తనంలో, గనుల్లో, కాంట్రాక్టుల్లో వెతికారు.

మగ్గాల సంగతి క్లుప్తంగానే చెప్పవలసి ఉంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నేతగాళ్ల గురించి దొరికే లెక్కలు ఎక్కువగా 1987–88 నుంచి 2019–20 దాకా నాలుగుసార్లు జరిగిన జాతీయ చేనేత గణనలవే. మరమగ్గం వచ్చాక గుంత మగ్గం మీద కూర్చున్న ఇంటి ఆడవాళ్ల పని ఏమైందన్న ప్రశ్నకు గణన పట్టికలు చాలవు. అది ఇంటింటికీ వెళ్లి వినవలసిన కథ.

కపిల తోలిన ఊటబావులు ఎండి బోర్లు దిగిన తర్వాత పరిశోధన దారి మళ్లింది. పులివెందుల చుట్టూ చీనీ (బత్తాయి) తోటలు, అరటి తోటలు బోరు నీళ్ల మీద పెరిగాయి. నీళ్లు అందకపోతే మరికొంత లోతుకు, ఆపైన పక్కనే ఇంకో బోరు. ఎండిన చెట్టును నరికి పొయ్యిలోకి పంపిన ఇంట్లో అప్పు మాత్రం మిగిలేది. 2002లో రాష్ట్రం నీరు, భూమి, చెట్ల చట్టం తెచ్చి బోర్లకు అనుమతి, దూరం నిర్ణయించింది. కాగితం మీది నిషేధం చేనులో పెద్దగా పనిచేయలేదు.

పనిచేసింది మరొకటి. 2003 నుంచి 2009 దాకా నెదర్లాండ్స్ సాయంతో, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ‘రైతుల యాజమాన్యంలో భూగర్భ జల వ్యవస్థలు’ అన్న పథకం ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. కడప వాటిలో ఒకటి. నంద్యాలకు చెందిన బర్డ్స్ సంస్థ ముందుండి నడిపించింది. 600కు పైగా పల్లెల్లో రైతులే వానమాపకం చూశారు. పదిహేను రోజులకోసారి బావిలో నీటిమట్టం కొలిచారు. డ్రమ్ము నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసి బోరు పోసే నీళ్లెన్నో లెక్కగట్టారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, భూమిలో ఇంత నీరుంది, వరి వేస్తే ఇంత పోతుంది, వేరుశనగ వేస్తే ఇంత మిగులుతుంది అని పద్దు వేసుకున్నారు. అంకెలను ఊరి గోడ మీద రాసుకున్నారు. సబ్సిడీ లేదు, శిక్ష లేదు, ఫలానా పంట వేయమన్న ఆజ్ఞ లేదు. అయినా చాలా చోట్ల నీళ్లు ఎక్కువ తాగే పంట తగ్గింది. 2010లో భారత భూగర్భ జలాలపై ప్రపంచ బ్యాంకు వెలువరించిన నివేదిక ఈ అనుభవాన్ని ప్రత్యేకంగా చర్చించింది. బడి చదువు అంతంతమాత్రంగా ఉన్న రైతులు శాస్త్రజ్ఞుల పని చేయగలిగారన్నది ఈ రెండు శతాబ్దాల చరిత్రలో అన్నిటికంటే గొప్ప ఘట్టమని చెప్పాలి.

పులివెందుల దగ్గరి తుమ్మలపల్లెకు వచ్చేసరికి కొలత మళ్లీ రైతు చేయి దాటిపోయింది. కింగ్ ఏనాడో పేరు పెట్టిన వేంపల్లె రాతిపొరలో యురేనియం ఉందని అణు ఖనిజాల సంస్థ కనుగొంది. గనికి 2006లో ప్రజాభిప్రాయ సేకరణ, 2007లో శంకుస్థాపన, 2012లో ఉత్పత్తి ఆరంభం. నిల్వలు 49,000 టన్నులని ధ్రువపడిందని, అది లక్షన్నర టన్నులకు చేరవచ్చని 2011లో అణుశక్తి కమిషన్ అధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ ప్రకటించారు. ప్రపంచం దృష్టి పులివెందుల వైపు తిరిగింది. ఇక్కడి ఖనిజం సున్నపు గుణమున్న డోలమైట్‌లో ఉంది. ఆమ్లం పోస్తే రాయే దాన్ని మింగేస్తుంది. అందుకే దేశంలో తొలిసారిగా క్షారంతో యురేనియం తీసే పద్ధతిని ఇక్కడ పెట్టారు. మిగిలిన వ్యర్థం కె.కె. కొట్టాల దగ్గరి చెరువులోకి పోతుంది.

కనంపల్లె, కె.కె. కొట్టాల రైతులు బోరు నీళ్లు మారాయని, అరటి ఎండిపోతోందని, ఒంటి మీద దురదలు వస్తున్నాయని చెబుతూ వచ్చారు. వ్యర్థాల చెరువు అడుగున ఊట దిగకుండా చేయవలసిన ఏర్పాటు సరిగా లేదని కొందరు శాస్త్రవేత్తలు వాదించారు. గని నడిపే కంపెనీ కాదంది. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఆ కంపెనీకి నోటీసు ఇచ్చింది. యురేనియం ఉన్న రాతిలోంచి వచ్చే నీళ్లలో అది సహజంగానే కొంత ఉండవచ్చు. తాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బావి బావికీ గనికి ముందు ఎంత, తర్వాత ఎంత అన్న లెక్కను పక్కపక్కన పెడితే తప్ప ఈ వాదం తేలదు. ఆ లెక్క ప్రయోగశాల ఫైల్లో ఉంటే చాలదు. తుమ్మలపల్లె పేరులో తుమ్మ ఉంది, మబ్బుచింతలపల్లె పేరులో చింత ఉంది, రాచకుంటపల్లె పేరులో కుంట ఉంది. ఈ ఊళ్లు అడుగుతున్నది ఆ కుంట నీళ్ల సంగతే.

జమ్మలమడుగు వైపు ప్రశ్న మరో రూపంలో వచ్చింది. 26.85 టి.ఎం.సి.ల గండికోట జలాశయం నిండడానికి తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు 2020లో ఖాళీ అయ్యాయి. అక్కడి నుంచి ఎత్తిపోసిన నీళ్లు చిత్రావతి జలాశయానికి చేరి పులివెందుల తోటలను తడుపుతున్నాయి. ఒక వైపు చీనీ చెట్టు బతికింది, మరో వైపు తాతల నాటి ఇల్లు మునిగింది. సామాజిక ప్రభావ అంచనాను తప్పనిసరి చేసిన కేంద్ర భూసేకరణ చట్టం 2013లో వచ్చింది. గండికోట పనులు అంతకు చాలా ముందే మొదలయ్యాయి. పునరావాస కాలనీల్లో పశువులకు మేపు ఎక్కడ, కౌలుదారుకు పని ఎక్కడ, ముసలివాళ్లకు పలకరింపు ఎక్కడ అన్నది ఇంకా ఓపికగా నమోదు చేయవలసిన విషయం.

చేసేందుకు సంస్థలు లేకపోలేదు. 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం, అదే ఏడాది పులివెందులలో జె.ఎన్.టి.యు. కళాశాల వచ్చాయి. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల, పులివెందులలో పశు పరిశోధన కేంద్రం కూడా వచ్చాయి. చెయ్యవలసిన మొదటి పని కూడా పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ఈ పల్లెల్లో బోరు నీటికి పరీక్ష జరిగిన ప్రతిసారీ తేదీ, బోరు నంబరు, ఫలితం, ఉండవలసిన పరిమితి తెలుగులో రాసి గ్రామ సచివాలయం గోడ మీద పెట్టాలి. వానమాపకం అంకెలు ఊరి గోడ మీద రాసుకున్న జిల్లా ఇది.