ఇతరుల ఆటను చూసిన శిక్షకుడు: హైదరాబాద్ రహీం పద్ధతి

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయింది. మనవాళ్లలో చాలామంది ఆనాడు బూట్లు లేకుండానే ఆడారు. ఈ పరాజయం తరువాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. పరాజయానికి బూట్లు లేకపోవడమే కారణమని చాలామంది అనుకున్నారు కూడా. అయితే జట్టు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం అంతటితో సరిపెట్టుకోలేదు. తరువాతి నాలుగేళ్లలో ఆయన చేసిన పనిని గమనిస్తే, ఒక శిక్షకుడు ఇతరుల ఆటను ఎలా చూడాలన్న ప్రశ్నకు మంచి జవాబు దొరుకుతుంది.

రహీం హైదరాబాద్‌లో బడిపంతులు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకూ, జాతీయ జట్టుకూ శిక్షణ ఇచ్చారు. సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలుచుకుంది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో భారత్ ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం సాధించింది. ఇన్ని విజయాలున్న మనిషి తన పద్ధతి మార్చుకోనవసరం లేదని అనుకుని ఉండవచ్చు. ఆయన అలా అనుకోలేదు.

1953 నవంబరులో లండన్ వెంబ్లీ మైదానంలో హంగరీ జట్టు ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించింది. ఇంగ్లండ్ తన సొంత గడ్డ మీద ఐరోపా ఖండపు జట్టు చేతిలో ఓడిపోవడం అదే మొదటిసారి. హంగరీ చేసింది చూడటానికి చిన్న మార్పే. ముందు వరుసలో మధ్యన నిలబడవలసిన సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి లాగి ఆడించారు. అతణ్ణి కాపలా కాయవలసిన ఇంగ్లండ్ ఆటగాడు వెంట వెళితే వెనుక ఖాళీ ఏర్పడుతుంది. వెళ్లకపోతే అతనికి బంతితో తీరిక దొరుకుతుంది. రహీం ఈ ఏర్పాటును భారత జట్టుకు తెచ్చారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఆ మ్యాచ్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. చివరికి మనకు నాలుగో స్థానం దక్కింది.

రహీం హంగరీ నుంచి తీసుకున్నది విన్యాసం కాదు, ప్రత్యర్థిని ఇరుకున పెట్టే ఏర్పాటు. ఇంకో సంగతి కూడా ఉంది. చూసిన దాన్ని నల్లబల్ల మీద గీసి వదిలేయకుండా, ఆటగాళ్ల కాళ్లకు అలవాటయ్యేలా ప్రత్యేక పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషిద్ధం, అంటే బంతిని తన కాళ్ల దగ్గరే ఉంచుకుని ఎదుటివారిని తప్పించుకుపోకూడదు. మరొక పోటీలో వాటం లేని కాలితోనే తన్నాలి.

డ్రిబ్లింగ్ తీసేసిన ఫుట్‌బాల్‌ను ఊహించండి. అది వాలీబాల్‌కు చాలా దగ్గరగా వస్తుంది. వాలీబాల్‌లో బంతిని పట్టి ఉంచకూడదు. ఒకే ఆటగాడు వరుసగా రెండుసార్లు తాకకూడదు. కాబట్టి బంతి తన దగ్గరికి రాకముందే దాన్ని ఎక్కడికి పంపాలో తెలిసి ఉండాలి. రహీం వాలీబాల్ చూసే ఈ పోటీ పెట్టారని ఇక్కడ చెప్పడం లేదు. రెండు ఆటలూ ఆటగాడి నుంచి కోరేది ఒకటేనని చెప్పడమే ఉద్దేశం.

ఇది అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అనంతగిరి వంటి మండలాల్లో పనిచేసే వ్యాయామ ఉపాధ్యాయులకు బాగా పనికివచ్చే విషయం. కొండవాలు మీద, కాఫీ తోటల మధ్య ఉన్న ఊళ్లలో ఫుట్‌బాల్‌కు సరిపడా చదునైన నేల దొరకడం కష్టం. వాలీబాల్ వలకు, కబడ్డీ గీతలకు చోటు చాలు. ఒకే ఉపాధ్యాయుడు అన్ని ఆటలూ నేర్పవలసి రావడాన్ని లోటుగానే చెప్పుకుంటాం. కానీ పట్నంలో ఒక్క ఆటకే పరిమితమైన శిక్షకుడికి లేని వీలు అతనికి ఉంది.

కబడ్డీనే తీసుకుందాం. కూతకు వచ్చిన ఆటగాడిని ఏడుగురూ ఒక్కసారిగా మీద పడి పట్టుకోరు. చేతులు పట్టుకుని వరుసగా కదులుతూ అతను లోపలికి రావడానికి ఎదురుచూస్తారు. అతను కాలు చాచినప్పుడో, వెనక్కి తిరిగినప్పుడో మూలనున్న కార్నర్ ఆటగాడు పట్టు వేస్తాడు. పక్కనున్న కవర్ వెంటనే అందుకుంటాడు. కవర్ ఒక్క క్షణం ఆలస్యం చేస్తే పట్టు వేసినవాడే ఔటై బయటికి పోతాడు. ఫుట్‌బాల్‌లో రక్షణ వరుస పాటించవలసిన క్రమమూ ఇదే: తొందరపడి ఒక్కడే ముందుకు దూకకూడదు, దూకినవాణ్ణి ఒంటరిగా వదలకూడదు. పిల్లలకు ఈ మాట ఫుట్‌బాల్ మైదానంలో పదిసార్లు చెప్పినా ఎక్కదు. కబడ్డీలో ఔటైన అనుభవంతో ముడిపెట్టి చెబితే త్వరగా అర్థమవుతుంది.

అంతర్జాతీయ స్థాయిలోనూ ఇలాంటి అరువులున్నాయి. ఇంగ్లండ్ శిక్షకుడు గారెత్ సౌత్‌గేట్ 2018 ప్రపంచ కప్‌కు ముందు అమెరికా వెళ్లి బాస్కెట్‌బాల్, అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చూశారు. కిక్కిరిసిన చోట తన మనిషికి ఖాళీ ఎలా కల్పిస్తారన్నదే ఆయన గమనించింది. ఆ ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్ చేసిన 12 గోల్స్‌లో 9, పెనాల్టీలతో కలిపి, ఆగిన బంతి నుంచి మొదలైనవే. అయితే బాస్కెట్‌బాల్‌లో నిలబడి దారి అడ్డుకోవడానికి నియమాలు ఒప్పుకుంటాయి. ఫుట్‌బాల్‌లో అడ్డంగా వచ్చి దారి మూస్తే రిఫరీ ఈల వేస్తాడు. కబడ్డీ పట్టు సంగతి చెప్పనే అక్కరలేదు. ఏది తేకూడదో తెలియనివాడు ఎన్ని ఆటలు చూసినా జట్టుకు ఫౌల్సే మిగులుతాయి.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో రహీం జట్టు మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు థాయిలాండ్‌తో ఆటలో తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతణ్ణి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీఫైనల్లోనూ, ఫైనల్లోనూ అతను గోల్ చేశాడు. ఫైనల్లో అదే దక్షిణ కొరియాను భారత్ 2-1తో ఓడించింది. మరుసటి ఏడాది జూన్‌లో రహీం క్యాన్సర్‌తో మరణించారు. హైదరాబాద్‌కే చెందిన సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం వచ్చింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మాత్రం 1962 తరువాత మనకు మళ్లీ రాలేదు.