మూడు కార్బ్యురేటర్ల బండి

బలమైన మోటారు బండి పెట్రోలు ఎక్కువ త్రాగుననియు, పెట్రోలు తక్కువ త్రాగు బండికి బలముండదనియు లోకములో ఒక నమ్మకమున్నది. అందులో సగము మాత్రమే నిజము. అమెరికాలో 1964 మొదలు 1974 వరకు పేరుమోసిన ‘మజిల్ కార్ల’ చరిత్ర చూచినచో, ఏ సగము నిజమో తెలియగలదు.

మజిల్ కారనగా, మధ్యరకపు బండిలో పెద్దబండికి తగిన యంత్రమును అమర్చుట. వీటిలో మొదటిదిగా చాలమంది చెప్పుకొనునది పాంటియాక్ శాఖవారి జి.టి.ఓ. మధ్యరకపు బండ్లలో 330 ఘనాంగుళములకు మించిన యంత్రము పెట్టరాదని మాతృసంస్థయగు జనరల్ మోటార్సు నిబంధన. పాంటియాక్ ప్రధాన ఇంజనీరు జాన్ డెలోరియనును, ఆయన సహచరులును ఆ నిబంధనను తప్పించుకొనుటకు ఒక ఉపాయము పన్నినారు. 389 ఘనాంగుళముల, అనగా సుమారు 6.4 లీటర్ల యంత్రమును క్రొత్త బండిగా గాక, కొనువాడు కోరినచో అదనముగా ఇచ్చు సరంజామాగా 1964 జాబితాలో చేర్చినారు. ఒక కార్బ్యురేటరుతో దానికి 325 అశ్వశక్తి, మూడింటితో 348.

ఈ మూడు కార్బ్యురేటర్ల ఏర్పాటును గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఒక్కొక్కదానికి రెండేసి నోళ్లు. మామూలు ప్రయాణములో నడిమిది మాత్రమే పనిచేయును. చోదకుడు యాక్సిలరేటరును బాగుగా నొక్కినపుడే ముందువెనుకలవి తెరచుకొనును. నిత్యము ఒక పొయ్యితో వంట గడుపుకొని, పెండ్లినాడు మాత్రమే గాడిపొయ్యి త్రవ్వించు ఇల్లాలి నేర్పు వంటిదే ఇది. అయితే ఈ బండి కొన్నవారిలో ఆ రెండింటిని మూసియుంచుటకు కొన్నవారు ఎందరో శ్రోతలే ఊహింపవచ్చును! 1967 నమూనానుండి ఈ ఏర్పాటు జి.టి.ఓ.లో లేదు. దాని స్థానమున వచ్చిన ఒకే కార్బ్యురేటరులో రెండు నోళ్లు చిన్నవి, రెండు పెద్దవి. యంత్రము మారినను యోచన మారలేదు.

పెట్రోలు పూర్తిగా మండుటకు, బరువులో ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. గాలి 13 పాళ్లకు తగ్గినపుడు బలము హెచ్చు. 16కు చేరువైనపుడు పొదుపు హెచ్చు. పలుచని మిశ్రమము మెల్లగా మండును గనుక దానికి నిప్పురవ్వను ముందుగా అందింపవలెను. డిస్ట్రిబ్యూటరు ప్రక్కనుండు చిన్న డబ్బా, యంత్రములోని శూన్యపీడనము ననుసరించి ఈ పనిచేయును. పందెపు బండ్లను చూచి పలువురు దానిని ఊడదీసిరి. యాక్సిలరేటరు పూర్తిగా నొక్కినపుడు ఆ శూన్యపీడనము దాదాపు ఉండదు కాబట్టి డబ్బా తీసినందువలన వారికి అదనపు బలము రాలేదు; ఉన్న పొదుపు మాత్రము పోయినది. వెనుక ఇరుసులోని పళ్లచక్రముల సంగతి వేరు. 3.23 నిష్పత్తికి మారుగా 3.90 పెట్టించినచో బండి చురుకుగా దుముకును గాని, అదే వేగమునకు యంత్రము అయిదవవంతు అధికముగా తిరుగును. ఇక్కడ లోకపు నమ్మకము నిజమే.

నమ్మకము తప్పినచోటు మరొకటి. పిస్టను క్రిందనున్నపుడు సిలిండరులోని చోటు, అది పైకి వచ్చినపుడు మిగులు చోటునకు ఎన్ని రెట్లో ఆ లెక్కనే సంపీడన నిష్పత్తి యందురు. జి.టి.ఓ.కు అది 10.75. మిశ్రమము ఎంత నొక్కబడిన అంత ఎక్కువ పని అదే పెట్రోలునుండి లభించును. బలమును పొదుపును ఒక్క చేతితో ఇచ్చునది ఇదే. కాని హద్దు మీరినచో మిశ్రమము తనంత తానే ప్రేలి సమ్మెటపోటువంటి చప్పుడగును. దానినే నాకింగు అందురు. 1921లో థామస్ మిడ్జిలీ సీసపు సమ్మేళనమొకటి దీనిని ఆపునని కనుగొనినాడు. ఆ సమ్మేళనము విషము. 1924లోనే న్యూజెర్సీలోని ఒక కర్మాగారములో దానివలన అయిదుగురు పనివారు మరణించినారు. అయినను అది పెట్రోలులో కలసి, పొగగా వెలువడి, అర్ధశతాబ్దముపాటు వీధులలో ఆడుకొను పిల్లల రక్తములోనికి చేరినది. మజిల్ కారు బలములో కొంత ఈ సీసము పెట్టిన భిక్ష యని మేము తలచుచున్నాము.

వాయుశుద్ధికై అమెరికాలో 1970లో కఠినమైన శాసనము వచ్చినది. పొగను శుభ్రపరచు ఉత్ప్రేరక సాధనమును సీసము చెడగొట్టును గనుక, సీసములేని పెట్రోలుకు సిద్ధపడుచు జనరల్ మోటార్సువారు 1971 నమూనాలలో సంపీడనమును తగ్గించినారు. 400 ఘనాంగుళముల జి.టి.ఓ. యంత్రములో అది 10.25 నుండి 8.2కు దిగినది; అశ్వశక్తి 350 నుండి 300కు పడినది. 1972లో అది 250 అయినట్లు కనబడుట మాత్రము చాలవరకు కొలత మారుటవలన. యంత్రమును బండిలో అమర్చినపుడుండు భారములతో కొలుచుట అప్పుడు మొదలైనది. తగ్గిన బలమునకు బదులుగా పొదుపు రాలేదు. సంపీడనముతోబాటు రెండును పోయినవి. అయినను సీసమును తీసివేయుటయే న్యాయము. పిల్లల మెదడుకన్న గుర్రముల లెక్క విలువైనది కాదు.

1973 అక్టోబరులో అరబ్బు దేశములు చమురు నిలిపివేసినవి. పెట్రోలు బంకులముందు బండ్లు బారులు తీరినవి. 1974 నమూనాతో ఆనాటి జి.టి.ఓ. ముగిసినది. 1975 శాసనము, ప్రతి తయారీదారుని కార్ల సగటు 1978లో గాలనుకు 18 మైళ్లు, 1985లో 27.5 మైళ్లు ఉండవలెనని విధించినది. 1981లో కాడిలాక్ వారు భారము తక్కువైనపుడు ఎనిమిది సిలిండర్లలో రెండింటినో నాలుగింటినో నిద్రపుచ్చు యంత్రమును తెచ్చినారు గాని, నాటి నియంత్రణ సాధనములు చాలక అది త్వరలోనే మూలపడినది.

కంప్యూటరు ఇంధనమును కొలిచి పోయుటయు, నాకింగును విని నిప్పురవ్వను సవరించుటయు అలవడిన పిమ్మట పాత యోచన ఫలించినది. 2014 నమూనా షెవ్రొలే కార్వెట్ యంత్రము 6.2 లీటర్లు, సంపీడనము 11.5, పెట్రోలులో సీసము లేదు. అశ్వశక్తి కొత్త కొలతలో 455. చేతిగేర్ల బండికి రాజమార్గముపై గాలనుకు 29 మైళ్లని ప్రభుత్వపు లెక్క. భారము తేలికైనపుడు దాని ఎనిమిది సిలిండర్లలో నాలుగు విశ్రమించును.