జాబితాలో పేరు, పెట్టెలో ఓటు

విశ్రాంత ఉద్యోగులమైన మనలో చాలామందికి ఎన్నికలనగానే మొదట జ్ఞాపకం వచ్చేది ఎన్నికల డ్యూటీ. ముందురోజే సామగ్రితో పోలింగు కేంద్రానికి చేరడం, మరునాడు రాత్రి పెట్టెలకు సీళ్లు వేసి అప్పగించేదాకా కంటిమీద కునుకు లేకపోవడం మనకు అనుభవమే. ఇన్ని ఎన్నికలు నడిపిన మనము, ఆ ఓటు మన చేతికి ఏ విధంగా వచ్చిందో ఒకసారి నెమరువేసుకోవడం సందర్భోచితం.

1882 మే 18న వైస్రాయి రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనపై తీర్మానం వెలువరించారు. దాని ననుసరించి 1884లో మద్రాసు రాజధానిలో లోకల్ బోర్డుల చట్టం వచ్చింది. అయితే అప్పటి ఓటు కొద్దిమంది పన్ను చెల్లించేవారిది మాత్రమే. 1937లో మద్రాసు శాసనసభకు ఎన్నికలు జరిగినప్పుడు సైతం ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలు ఉన్నవారికే ఓటు. పొలం దున్నే కూలీకి, అక్షరం రాని ఇల్లాలికి ఆ భాగ్యం లేదు. నిజాం ఏలుబడిలో ఉండిన తెలంగాణ ప్రజలకు వయోజన ఓటు 1952 ఎన్నికలతోనే లభించింది.

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 21 ఏళ్లు నిండిన ప్రతి పౌరునికీ ఓటు ఇచ్చింది. 1989లో ఆ వయస్సు 18కి తగ్గింది. మొదటి సార్వత్రిక ఎన్నికల నాటికి 17 కోట్ల పైచిలుకు పేర్లు జాబితాకెక్కాయి. కాని, ముఖ్యంగా ఉత్తరాదిన, అనేకమంది స్త్రీలు తమ పేరు చెప్పక "ఫలానావారి భార్యను", "ఫలానావారి తల్లిని" అని వ్రాయించారు. అట్టివి చెల్లవని ఎన్నికల ప్రధానాధికారి సుకుమార్ సేన్ నిర్ణయించడంతో సుమారు 28 లక్షల స్త్రీల పేర్లు తొలగిపోయాయి. హక్కు ఉన్నా, జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు.

ఇక ఊరి ఎన్నికల సంగతి. రాజస్థాన్ తరువాత 1959లోనే పంచాయతీరాజ్‌ను చేపట్టిన రాష్ట్రం మనది. అయినా 1970లో జరిగిన పంచాయతీ ఎన్నికలు మళ్లీ 1981లో గాని జరగలేదు. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ అయిదేళ్ల గడువును ఖాయం చేసి, రాష్ట్ర ఎన్నికల సంఘాన్ని ఏర్పరచింది. ఆ తరువాత కూడా 2011లో గడువు ముగిసిన పంచాయతీలకు 2013 వరకు, ఆంధ్రప్రదేశ్‌లో 2018లో ముగిసినవాటికి 2021 వరకు ఎన్నికలు లేవు. ఆ మధ్యకాలమంతా ప్రత్యేకాధికారుల పాలనే. ప్రత్యేకాధికారి ఎంత సమర్థుడైనా పై అధికారికి జవాబుదారు. సర్పంచి వీధిలోని వారికి జవాబుదారు. ఈ తేడా ఉద్యోగం చేసిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

మంచినీరు, మురుగు కాల్వ, వీధి దీపం, ఇంటి పన్ను స్థానిక సంస్థల చేతిలో ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారుల కరువు భృతి, పి.ఆర్.సి., వైద్య ఖర్చుల వాపసు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. అయినా "ఒక్క ఓటుతో ఏమవుతుందిలే" అనే మాట మనవారి నోటనే వింటుంటాము. 2004లో కర్ణాటకలోని సంతెమరహళ్ళి శాసనసభ స్థానంలో ధ్రువనారాయణకు 40,752 ఓట్లు, కృష్ణమూర్తికి 40,751 ఓట్లు వచ్చాయి. 2008లో రాజస్థాన్‌లోని నాథద్వారాలో సి.పి. జోషి 62,215 ఓట్లు పొంది, ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు. లక్షమందికి పైగా ఓటేసిన చోటనే ఇట్లా జరిగితే, కొన్ని వందల ఓట్లుండే పంచాయతీ వార్డులో మన ఇంటి నాలుగు ఓట్ల బరువెంతో ఊహించుకోవచ్చు.

కావున సభ్యులకు మనవి. పదవీ విరమణ తరువాత పిల్లల దగ్గరకు మకాం మార్చినవారు 8వ నంబరు ఫారం ద్వారా చిరునామా మార్పించుకోవాలి. ఇంట్లో 18 నిండిన మనుమలు, మనుమరాండ్రచేత 6వ నంబరు ఫారం పూర్తి చేయించాలి. శాసనసభ ఎన్నికలలో 85 ఏళ్లు దాటినవారు సకాలంలో 12-డి ఫారం ఇస్తే ఇంటివద్దనే ఓటు వేయవచ్చు. మనము ఇతరులచేత ఎన్నోసార్లు ఓట్లు వేయించాము. ఇప్పుడు మన వంతు ఓటు మానకుండా వేద్దాము.