ఫోన్ మీద అతని కన్ను ఉంటే.. సాయం ఎలా అడగాలి?

ఇంట్లో హింసను ఎదుర్కొంటున్న మహిళకు చాలాసార్లు ఫోన్ ఒక్కటే బయటి ప్రపంచానికి దారి. హెల్ప్‌లైన్లు, యాప్‌లు, ఆన్‌లైన్ ఫిర్యాదులు అన్నీ అందులోనే ఉన్నాయి. కానీ ఆ ఫోన్ కొన్నది భర్త, సిమ్ అతని పేరు మీదే ఉంది, లాక్ ప్యాటర్న్ కూడా అతనికి తెలుసు అనుకోండి. కాల్ లిస్ట్‌లో 181 కనిపిస్తే ఆ రాత్రి మళ్లీ గొడవే.

అందుకే ఏ నంబర్‌కు ఫోన్ చేయాలో తెలిస్తే సరిపోదు. ఏ ఫోన్ నుంచి, ఎప్పుడు, ఏ క్రమంలో చేయాలో కూడా తెలియాలి. మీకు అవసరమైనా, మీకు తెలిసినవారికి అవసరమైనా ఈ వివరాలు పనికొస్తాయి.

మీ ఫోన్‌పై నిఘా ఉందా?

మీరు చెప్పకుండానే ఎక్కడికి వెళ్లారో అతనికి తెలిసిపోతోందా? వాట్సాప్‌లో ఎవరికి ఏం పంపారో అడుగుతున్నాడా? దీనికి పెద్ద స్పై యాప్ అక్కర్లేదు. మీ ఖాతా అతని దగ్గర ఒక్కసారి లాగిన్ అయి ఉంటే చాలు. ఇవి చూడండి:

• వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘లింక్డ్ డివైసెస్’. మీకు తెలియని కంప్యూటర్ పేరు అక్కడ ఉంటే మీ చాట్‌లు మరొకరికి కనిపిస్తున్నట్టే.
• గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ విభాగం. మీ ఖాతా ఏయే ఫోన్లలో లాగిన్ అయి ఉందో చూపిస్తుంది.
• గూగుల్ మ్యాప్స్‌లో ‘లొకేషన్ షేరింగ్’. మీరు ఎక్కడున్నారో ఎవరికి తెలుస్తోందో అక్కడ ఉంటుంది.
• ఐఫోన్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ కింద ‘సేఫ్టీ చెక్’. ఎవరెవరితో ఏం పంచుకుంటున్నారో అంతా ఒకేచోట చూడొచ్చు.

ఇక్కడే ఒక జాగ్రత్త. అనుమానాస్పదమైనది కనిపించగానే తీసేయకండి. నిఘా ఆగిపోయిందని తెలిస్తే అతను రెచ్చిపోవచ్చు. పైగా అది మీకు ఆధారం కూడా. ముందు మరో ఫోన్‌తో దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి. ఎక్కడికి వెళ్లాలో, ఎవరు తోడుంటారో తేల్చుకున్నాకే మార్పులు చేయండి.

అప్పటిదాకా సాయం కోసం చేసే కాల్స్, వెతుకులాట మరో ఫోన్ నుంచే జరగాలి. అమ్మ ఫోన్, ఆఫీసులో స్నేహితురాలి ఫోన్, పక్కింటివారి ఫోన్ ఏదైనా సరే. అందులో కొత్త ఈమెయిల్ తెరవండి. పాస్‌వర్డ్‌గా పిల్లల పేర్లు, పుట్టినరోజులు వద్దు. బ్రౌజర్‌లో ‘ఇన్‌కాగ్నిటో’ వాడితే హిస్టరీ మిగలదు కానీ, ఫోన్‌లో స్పై యాప్ ఉంటే అది ఆపలేదు.

ప్రాణం మీదకు వస్తే?

112కు కాల్ చేయండి. అప్పుడు కాల్ లిస్ట్ గురించి ఆలోచించకండి. దేశంలో అమ్మే ప్రతి మొబైల్‌లో ప్యానిక్ బటన్ ఉండాలని 2017 జనవరి 1 నుంచి నిబంధన ఉంది. ఫీచర్ ఫోన్‌లో 5 లేదా 9ని నొక్కిపట్టాలి. స్మార్ట్‌ఫోన్‌లో పవర్ బటన్‌ను వెంటవెంటనే నొక్కాలి. మోడల్‌ను బట్టి మూడుసార్లో, ఐదుసార్లో ఉంటుంది. మీ ఫోన్‌లో ఎలాగో సెట్టింగ్స్‌లోని ‘ఎమర్జెన్సీ ఎస్ఓఎస్’లో ముందే చూసుకోండి. కొన్ని ఫోన్లలో కాల్ వెళ్లేముందు సైరన్ మోగుతుంది. అది అతనికి వినిపించకూడదనుకుంటే అక్కడే ఆ శబ్దాన్ని ఆపేయవచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల శక్తి యాప్, తెలంగాణలో షీ టీమ్స్ కూడా ఉన్నాయి. అయితే ఫోన్ అతను చూస్తాడనుకుంటే అందులో యాప్ వేసుకోవడం కన్నా నంబర్ గుర్తుపెట్టుకోవడమే మేలు.

అంత అత్యవసరం కాకపోతే?

181 మహిళా హెల్ప్‌లైన్ రోజంతా పనిచేస్తుంది. ఇక్కడ ఫిర్యాదు ఇచ్చి తీరాలని లేదు. ఏం చేయవచ్చో కనుక్కోవడానికి కూడా కాల్ చేయవచ్చు. ‘ఈ నంబర్‌కు తిరిగి ఫోన్ చేయకండి’ అని మొదటే చెప్పండి.

181 నుంచి మిమ్మల్ని దగ్గర్లోని సఖి కేంద్రానికి పంపవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన ఈ వన్ స్టాప్ సెంటర్లలో వైద్యం, కౌన్సెలింగ్, పోలీసు సాయం, న్యాయ సలహా, కొద్దిరోజుల వసతి ఒకేచోట దొరుకుతాయి. లాయర్ ఖర్చు గురించి భయపడుతుంటే 15100కు కాల్ చేయండి. న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సాయం అందుతుంది.

అమెరికాలో ఉన్న తెలుగువారైతే అక్కడి జాతీయ గృహహింస హాట్‌లైన్ 1-800-799-7233కు కాల్ చేసి, తెలుగు దుబాసీ కావాలని అడగవచ్చు.

స్టేషన్‌కు వెళ్లకుండా ఫిర్యాదు ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని సెక్షన్ 173 రెండు వెసులుబాట్లు ఇచ్చింది. ఒకటి, ఆన్‌లైన్‌లో సమాచారం ఇవ్వడం. కానీ మూడు రోజుల్లోపు దానిపై సంతకం చేయాలి. రెండు, జీరో ఎఫ్ఐఆర్. అంటే ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా కేసు పెట్టవచ్చు. అత్తగారిల్లు హైదరాబాద్‌లో, పుట్టిల్లు గుంటూరులో ఉంటే గుంటూరులోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు.

కేసు వద్దు, కొట్టకుండా ఉంటే చాలు, ఇంట్లోంచి గెంటేయకుండా ఉంటే చాలు అనుకుంటున్నారా? 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ నుంచి రక్షణ ఉత్తర్వు, అదే ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు కోరవచ్చు. పెళ్లి కాకుండా కలిసి ఉంటున్న మహిళలకూ ఇది వర్తిస్తుంది.

ఆధారాలు ఎలా దాచాలి?

• బెదిరింపు మెసేజ్‌లను డిలీట్ చేయకండి. స్క్రీన్‌షాట్‌లో సేవ్ చేసుకున్న పేరుతో పాటు నంబర్, తేదీ కూడా కనిపించాలి.
• గాయాలను ఫొటో తీయండి. ఆస్పత్రి చీటీని కూడా తీయండి.
• వీటిని కొత్త ఈమెయిల్‌కు సురక్షితమైన ఫోన్ నుంచి పంపుకోండి. నమ్మకమైన మరొకరి దగ్గర ఒక కాపీ ఉంచండి.
• మెసేజ్‌లు వచ్చిన అసలు ఫోన్‌ను అమ్మకండి, ఫార్మాట్ చేయకండి. ఎలక్ట్రానిక్ ఆధారాన్ని కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం కావాలి. అసలు పరికరం ఉంటే ఆ పని సులువవుతుంది.

ఫొటోలు బయటపెడతానని బెదిరిస్తే?

డబ్బు పంపకండి. బెదిరింపులను భద్రపరచండి. 1930కు కాల్ చేయవచ్చు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లలపై నేరాలకు సంబంధించి పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు.

18 ఏళ్లు నిండినవారు ‘స్టాప్ ఎన్‌సీఐఐ’ సైట్ వాడవచ్చు. మీ ఫొటో మీ ఫోన్ దాటి బయటకు వెళ్లదు. దానికి వేలిముద్రలాంటి ఒక కోడ్ తయారై, అది మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి భాగస్వామ్య కంపెనీలకు చేరుతుంది. అదే ఫొటో అక్కడ అప్‌లోడ్ అయితే పట్టుకుని ఆపడానికి ఆ కోడ్ పనికొస్తుంది. ఈ పథకంలో లేని యాప్‌లలో మాత్రం ఇది పనిచేయదు. 18 ఏళ్లలోపు వారి కోసం ‘టేక్ ఇట్ డౌన్’ అనే సైట్ ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

మీ స్నేహితురాలు ఈ పరిస్థితిలో ఉంటే?

ఈ కథనం లింక్‌ను ఆమెకు వాట్సాప్‌లో పంపకండి. దాన్ని తెరిచి చదివేది అతనే కావచ్చు. వీలైతే నేరుగా కలిసి చెప్పండి. ‘పాల ప్యాకెట్ ఉందా?’ లాంటి మామూలు మాటను గుర్తుగా పెట్టుకోండి. ఆ మెసేజ్ వచ్చిందంటే 112కు కాల్ చేయాల్సింది మీరు. అడ్రస్, ఫ్లాట్ నంబర్ ఇప్పుడే రాసి పెట్టుకోండి.