వెలగని దీపం చెప్పే సాక్ష్యం

మా చిన్నతనంలో ఇంట్లో ఫ్యాను ఆగిపోతే ఒక పెద్దాయన వచ్చేవారు. మావయ్యా అని పిలిచేవాళ్ళం. ఆయన ముందుగా ఆ గది ఫ్యూజు కేరియరు ఊడదీసి జేబులో వేసుకునేవారు. టెస్టరును పక్కగది ప్లగ్గులో పెట్టి వెలుగు చూసి, తరువాత ఫ్యాను తీగలకు ఆనించి, తిరిగి పక్కగదికి వెళ్ళి అదే ప్లగ్గులో మరోసారి పెట్టేవారు. "ఇందాకే చూశారు కదా మావయ్యా?" అని అడిగాను. "ఇందాకటి వెలుగు ఇందాకటిదే రా" అన్నారు. అది చాదస్తమనుకున్నాను.

ఆ చాదస్తం వెనుక పెద్ద చరిత్రే ఉంది. విద్యుత్తుకు మొదటి కొలమానాలలో ఒకటి మనిషి దేహమే. 1770వ దశకంలో హెన్రీ కేవెండిష్ ఉప్పునీటి ద్రావణాల వాహకతను తన శరీరానికి తగిలిన షాకు తీవ్రతతోనే పోల్చి చూశాడు. ఆ రాతప్రతులను మాక్స్‌వెల్ 1879లో ప్రచురించేదాకా లోకానికి తెలియలేదు. లేడెన్ జాడీతో సాగిన ఆ పద్ధతి వీధి తీగల కాలానికి పనికిరాదు.

1889 అక్టోబరు 11న న్యూయార్క్‌లో జాన్ ఫీక్స్ అనే లైన్‌మన్ స్తంభమెక్కాడు. అతడు పట్టుకున్నది టెలిగ్రాఫు తీగ. ప్రాణహాని లేనిదని పేరు. అయితే కొన్ని వీధుల అవతల ఆ తీగ అధిక వోల్టేజి తీగకు తగిలి ఉంది. మధ్యాహ్నపు జనసమూహం చూస్తుండగా అతడు ఆ తీగల వలలోనే మరణించాడు. తీగ పేరు నమ్మినవాడికి తీగ స్థితి తెలియలేదు.

తరువాత సాధనాలు వచ్చాయి. 1917లో డేనియల్ మెక్‌ఫార్లన్ మూర్ చిన్న నియాన్ దీపాన్ని రూపొందించాడు. మన జేబుల్లోని టెస్టరు ఆ దీపం సంతతే. అందులో దీపంతోపాటు పెద్ద రెసిస్టెన్సు ఉంటుంది. మన దేహం గుండా అతిస్వల్ప విద్యుత్తు నేలకు చేరితేనే అది వెలుగుతుంది. కనుక వెలిగితే ఒకటే అర్థం. వెలగకపోతే మాత్రం తీగలో కరెంటు లేకపోవచ్చు, దీపం చెడి ఉండవచ్చు, మనం ఎండుచెక్క మీద నిలబడి ఉండవచ్చు. మౌనానికి ఇన్ని అర్థాలున్నందునే సాధనాన్ని ముందూ వెనుకా పరీక్షించాలన్న నియమం పుట్టింది. 600 వోల్టులు దాటిన సర్క్యూట్లకు అమెరికా ప్రభుత్వం 1990లో దీనిని శాసనం చేసింది. అది ఫీక్స్ మరణానికి 101 సంవత్సరాల తరువాత.

మన లైన్‌మన్లు పనికి ముందు సబ్‌స్టేషను నుండి "ఎల్‌సీ", అంటే లైన్ క్లియర్, తీసుకుంటారు. అది అవసరమే, కానీ అది మాట మాత్రమే. ఎవరింటి జనరేటరో వెనుక నుండి తీగలోకి కరెంటు పంపవచ్చు. అందుకే తీగను పరీక్షించి, రెండు పక్కలా ఎర్తు చేసిన తరువాతే చేయి వేయాలి.

ఇదంతా చదవకముందే ఒక పాఠం నాకు అందింది. అద్దె ఇంట్లో ఫ్యాను స్విచ్చి ఆపి, చెక్క బల్లెక్కి టెస్టరు ఆనించాను. వెలగలేదు. ఎడమచేతితో కిటికీ ఊచ పట్టుకుని, కుడిచేతితో తీగను తాకాను. కళ్ళు తెరిచేసరికి నేల మీద ఉన్నాను. స్విచ్చిని ఎవరో న్యూట్రల్ తీగకు బిగించారట. నన్ను బతికించినది అదృష్టం. మావయ్యను జీవితకాలం బతికించినది మూడో పరీక్ష.

మీ ఇళ్ళలోనూ అటువంటి మావయ్యలు ఉండే ఉంటారు. వారి అలవాట్లను చాదస్తమనకముందు ఒక్కసారి కారణం అడగండి.