ఒకే ఏడు, ఒకే రాణి, రెండు అడవి చట్టాలు

1878లో విక్టోరియా రాణి ఏలుబడిలో రెండు అడవి చట్టాలు పుట్టాయి. ఒకటి లండన్ శివారులోని ఎపింగ్ అడవి కోసం. అందులో ఎవరూ కంచె వేయకూడదు, దాని సహజ రూపం చెడకూడదు, జనం ఎప్పటికీ స్వేచ్ఛగా తిరిగే చోటుగా ఉండాలి అని ఆ చట్టం శాసించింది. రెండోది భారత అటవీ చట్టం. తరతరాలుగా అడవి మీద బతుకుతున్న పల్లెల చేతిలోంచి అది అడవిని లాగి సర్కారు గుప్పిట్లో పెట్టింది.

అక్కడి కథ అక్కడ, ఇక్కడి కథ ఇక్కడ విడివిడిగా చదువుకోవడం మనకు అలవాటైంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు విషయం తెలుస్తుంది. చెట్టును కాపాడేందుకు జనం చేసిన ఉద్యమాలు ఎక్కడ గెలిచాయి, ఎక్కడ నెత్తురోడాయి అన్నది చాలావరకు ఒక్క ప్రశ్న మీద ఆధారపడింది. అడవిలోకి వెళ్లి పుల్ల విరుచుకునే మనిషికి చట్టం ముందు హక్కు ఉందా, లేదా?

కొమ్మ నరికిన కూలి

ఎపింగ్ ఒకప్పుడు ఇంగ్లండు రాజుల వేట అడవి. నేల భూస్వాములది. లేళ్ల కోసం దాన్ని తెరిచి ఉంచే హక్కు రాజుది. పశువులు మేపుకునే హక్కు, కట్టెలు కొట్టుకునే హక్కు చుట్టుపక్కల ఊళ్లవి. లౌటన్ అనే ఊళ్లో నవంబరు 11 అర్ధరాత్రి నుంచి ఏప్రిల్ 23 దాకా వంటచెరకు కోసం కొమ్మలు నరుక్కునే ఆచారం ఉండేది. ఆ మొదటి రాత్రి కొమ్మ మీద గొడ్డలి పడకపోతే హక్కు పోతుందని ఊరివాళ్ల నమ్మకం. చెట్టును మొదలంటా కొట్టేవారు కాదు. పశువుల నోటికి చిగురు అందని ఎత్తులో కొమ్మలు నరికి వదిలేసేవారు. కొన్నేళ్లకు అది మళ్లీ గుబురుగా చిగురించేది. అలా వందల ఏళ్లు కోతకు గురైన బీచ్, ఓక్, హార్న్‌బీమ్ చెట్లతోనే ఆ అడవి తయారైంది.

19వ శతాబ్దం నడిమికి లండన్ ఉబ్బిపోయింది. భూమి ధర పెరిగింది. పక్కనే ఉన్న హేనాల్ట్ అడవికి 1851లో చట్టం చేసి రక్షణ తీసేస్తే, కొద్దికాలంలోనే అందులో చాలా భాగాన్ని వేళ్లతో సహా పెకలించి పొలాలు చేశారు. ఎపింగ్‌లో చాలా చోట్ల రాజుకున్న హక్కులను ప్రభుత్వమే భూస్వాములకు అమ్మేసింది. అడ్డు తొలగగానే వాళ్లు కంచెలు మొదలుపెట్టారు. లౌటన్ భూస్వామి జాన్ విటేకర్ మెయిట్లాండ్ ఆ ఊరి చర్చికి మతాధికారి కూడా. వెయ్యికి పైగా ఎకరాలు చుట్టేశాడు.

థామస్ విల్లింగేల్ అనే ముసలి కూలి ఆ కంచెను లెక్కచేయలేదు. ఆచారం ప్రకారం కొమ్మలు నరికాడు. అతని కుటుంబంలోని కుర్రాళ్లను జైలుకు పంపారు. అతను తగ్గలేదు. 1865లో లండన్‌లో ఏర్పడిన కామన్స్ ప్రిజర్వేషన్ సొసైటీ అతనికి తోడు నిలిచింది. ఆ సంఘంలో తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్, పార్లమెంటు సభ్యుడు జార్జ్ షా లెఫెవర్ లాంటివాళ్లు ఉన్నారు. విల్లింగేల్ పేరు మీద 1866లో దావా పడింది. తీర్పు రాకముందే 1870లో అతను చనిపోయాడు. దావా అక్కడితో ఆగిపోయింది.

శ్మశానం ఇచ్చిన అర్హత

దావా ఆగినా జనం ఆగలేదు. 1856లో లౌటన్‌కు రైలు వచ్చాక తూర్పు లండన్ మురికివాడల కూలీలకు ఆదివారం నాడు ఊపిరి పీల్చుకునే చోటు ఎపింగే. 1870లో హెన్రీ ఫాసెట్ పార్లమెంటులో తీర్మానం పెట్టి, రాజరికపు హక్కులను అమ్మకుండా అడవిని జనం కోసం నిలబెట్టాలని రాణిని కోరేలా చేశాడు. భారతదేశపు ఖర్చుల గురించి పట్టువదలకుండా ప్రశ్నించినందుకు ఇండియా తరఫు సభ్యుడని పేరు తెచ్చుకున్నది కూడా ఆయనే. మరుసటి ఏడు జులై 8న వాన్‌స్టెడ్ ఫ్లాట్స్ మైదానంలో వేలాది మంది సభ జరుపుకున్నారు. పొద్దు వాలేసరికి అక్కడి కంచెలు నేలకూలాయి.

ఊరేగింపు కంచెను కూల్చగలదు. మళ్లీ లేవకుండా ఆపాలంటే కోర్టులో నిలబడగల మనిషి కావాలి. ఆ మనిషి అనుకోని చోట దొరికాడు. సిటీ ఆఫ్ లండన్ కార్పొరేషన్ అంతకుముందు శ్మశానం కోసం లిటిల్ ఇల్‌ఫోర్డ్‌లో భూమి కొన్నది. ఆ భూమి అడవి హద్దుల్లో ఉంది కనుక, దాని యజమానికి అడవిలో పశువులు మేపుకునే హక్కు ఉంది. అంటే కార్పొరేషన్ కూడా, విల్లింగేల్ మాదిరే, అడవిలో హక్కుదారే. 1871లో భూస్వాముల మీద అది దావా వేసింది.

వాదన అంతా ఒక అంశం చుట్టూ తిరిగింది. ఏ ఊరి బీడు ఆ ఊరికే పరిమితం, కాబట్టి ఆ ఊళ్లో ఉన్న కొద్దిమంది హక్కుదారులకు డబ్బిచ్చి ఒప్పిస్తే చాలు అని భూస్వాములు అన్నారు. హక్కుదారుల తరఫు న్యాయవాదులు పాత దస్తావేజులు తవ్వి తీశారు. ఒక ఊరి పశువు అడవి అంతటా తిరిగి మేసే ఆచారం ఉందని నిరూపించారు. అలాంటప్పుడు ఏ మూల కంచె వేసినా మొత్తం అడవి హక్కుదారులందరికీ నష్టమే. 1874లో న్యాయమూర్తి జార్జ్ జెస్సెల్ ఆ వాదననే ఒప్పుకుని, 1851 తర్వాత వేసిన కంచెలు చెల్లవని తీర్పు ఇచ్చాడు.

నాలుగేళ్లకు ఎపింగ్ అడవి చట్టం వచ్చింది. 1882 మే 6న విక్టోరియా రాణి స్వయంగా వచ్చి ఆ అడవిని తన ప్రజల ఆనందం కోసం శాశ్వతంగా అంకితం చేస్తున్నట్టు ప్రకటించింది. కామన్స్ ప్రిజర్వేషన్ సొసైటీ తరఫున పనిచేసిన న్యాయవాది రాబర్ట్ హంటర్, పేదల ఇళ్ల కోసం పాటుపడిన ఆక్టేవియా హిల్, హార్డ్‌విక్ రాన్‌స్లీ కలిసి 1895లో నేషనల్ ట్రస్ట్ స్థాపించారు.

గడువు దాటితే హక్కు లేదు

రాణి ఎపింగ్‌కు వచ్చిన 1882లోనే మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ చట్టం వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ దాని కిందికే వచ్చాయి.

దీని వెనుక ఒక పెద్ద వాదం నడిచింది. 1864లో ఏర్పడిన అటవీ శాఖకు తొలి అధిపతి డీట్రిచ్ బ్రాండిస్ అనే జర్మన్. పల్లెలకు కొంత అడవి విడిచిపెట్టాలని ఆయన అనేవాడు. బేడెన్ పావెల్ అనే అధికారి ఒప్పుకోలేదు. రాతపూర్వకంగా సర్కారు ఇచ్చిందే హక్కు, మిగతాదంతా సర్కారు చూసీచూడనట్టు వదిలేసిన వాడకం మాత్రమేనని వాదించాడు. మద్రాసు రెవెన్యూ బోర్డు అయితే కలకత్తా దారికి ఎదురు తిరిగింది. ఈ ప్రెసిడెన్సీలో ఏదో ఒక ఊరి పొలిమేరలో లేని అడవంటూ దాదాపు లేదని, ఆ అడవుల మీద సర్కారు ఎన్నడూ సొంతదారు హక్కు చూపలేదని 1871లో రాసింది. తెల్లదొరల కాగితాల్లో మన పల్లెల పక్షాన ఇంత స్పష్టంగా రాసిన మాట అరుదు. 1878 చట్టం మద్రాసుకు వర్తించకపోవడానికి ఆ పట్టుదలే కారణం. కానీ ఆ అడ్డుకట్ట నాలుగేళ్లే నిలిచింది.

1878 భారత అటవీ చట్టం పనిచేసే తీరు చూస్తే ఎపింగ్‌కూ దీనికీ తేడా తేలిగ్గా తెలుస్తుంది. ఒక అడవిని రిజర్వు చేయాలనుకుంటే సర్కారు ప్రకటన ఇస్తుంది. హక్కు ఉందనుకునేవాడు గడువులోగా అధికారి ముందు చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే హక్కు రద్దు. అక్కడ హక్కును నిరూపించే బరువును కార్పొరేషన్, న్యాయవాదులు మోశారు. ఇక్కడ ఆ బరువు చదువురాని పల్లెవాడి నెత్తిన పడింది. తెలియని కచేరీలో, దాటిపోయే గడువులో. గ్రామ అడవులకు చట్టంలో ఒక అధ్యాయం ఉన్నా అది ఎక్కువగా కాగితం మీదే మిగిలింది.

పుల్లరి, పోడు, జంగ్లాత్

ఆ చట్టాల నీడ మన నేల మీద ఎలా పడిందో పల్నాడు చెబుతుంది. అది మెట్ట సీమ. పంట నమ్ముకోదగ్గది కాదు, పశువే ఆధారం. నల్లమల అంచున ఆ పశువు మేయాలంటే పుల్లరి అనే మేత పన్ను కట్టాలి. కట్టకపోతే బందెలదొడ్డికి తోలతారు. 1921లో మాచర్ల, వెల్దుర్తి ప్రాంతాల రైతులు పుల్లరి మానేసి పశువులను అడవిలోకి తోలారు. పరిస్థితి చూడడానికి వెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణను అరెస్టు చేశారు. మించాలపాడు కన్నెగంటి హనుమంతు పుల్లరి కట్టేది లేదని నిలబడ్డాడు. 1922 ఫిబ్రవరిలో, గాంధీజీ సహాయ నిరాకరణను ఆపేసిన నెలలోనే, పోలీసు తుపాకులు అతని ప్రాణం తీశాయి.

అదే ఏడు ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డాడు. ఆ తిరుగుబాటుకు కారణాలు చాలా ఉన్నాయి. కూలి ఇవ్వకుండా రోడ్డు పనులు చేయించుకోవడం వాటిలో ఒకటి. పోడు మీద, అడవిలోకి వెళ్లడం మీద అటవీ చట్టం పెట్టిన ఆంక్షలు అన్నిటికీ అడుగున ఉన్న మంట. నిజాం రాజ్యంలో జంగ్లాత్, అంటే అటవీ శాఖది, అదే తీరు. జల్, జంగల్, జమీన్ అంటూ గోండులను కూడగట్టిన కుమ్రం భీమ్ 1940లో జోడేఘాట్ గుట్టల్లో కాల్పులకు బలయ్యాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పంపింది ఆ తర్వాతే. భూములకు పట్టాలు వచ్చిందీ ఆ తర్వాతే.

వీళ్లను మనం స్వాతంత్ర్య వీరులుగా తలుచుకుంటాం. అది న్యాయమే. అయితే వీళ్లు అడవి కోసం జరిగిన ప్రజా ఉద్యమాల నాయకులు కూడా. విల్లింగేల్ నరికిన కొమ్మకూ హనుమంతు మేపిన పశువుకూ వెనుక ఉన్న హక్కు ఒక్కటే. ఒకరి తరఫున వాదించడానికి పార్లమెంటు సభ్యులు, ప్లీడర్లు, ఒక నగర పాలక సంస్థ దొరికారు. మరొకరికి దొరికింది తుపాకి గుండు.

గొడ్డలి ఆగాక

ఎపింగ్‌లో గెలుపు కూడా పూర్తి గెలుపు కాదు. 1878 నాటి ఎపింగ్ చట్టం కొమ్మలు నరికే హక్కును రద్దు చేసింది. పరిహారం సొమ్ముతో లౌటన్‌లో 1884లో లాపింగ్ హాల్ అనే సామూహిక భవనం లేచింది. షికారుకు వచ్చేవాళ్లు అడవిని దక్కించుకున్నారు, కట్టెలు కొట్టేవాళ్లు దాన్ని వదులుకున్నారు. గొడ్డలి ఆగేసరికి ఆ చెట్ల గొడుగులు పెరిగి నేల మీద ఎండ పడలేదు. ఎండ కావాల్సిన మొక్కలు తగ్గిపోయాయి. బరువెక్కిన పాత కొమ్మలు విరిగి, చెట్లే నిలువునా చీలసాగాయి. 20వ శతాబ్దం చివర్లో అడవి నిర్వాహకులే మళ్లీ కొమ్మలు నరికించడం మొదలుపెట్టారు. జనం చేయి పడితే అడవి పాడవుతుందనే మాట మన పాత అటవీ చట్టాలకు పునాది. ఆ మాట తప్పని అక్కడి చెట్లే రుజువు చేశాయి.

మన దేశంలో దీన్ని దిద్దుకోవడానికి 2006 దాకా పట్టింది. ఆ ఏడు వచ్చిన అటవీ హక్కుల చట్టం, గతంలో జరిగినది చారిత్రక అన్యాయమని తన పీఠికలోనే ఒప్పుకుంది. వ్యక్తికి పట్టా ఇవ్వడంతో ఆగకుండా, ఊరి ఉమ్మడి అడవిని కాపాడి, పెంచి, నిర్వహించుకునే హక్కును గ్రామసభకు ఇచ్చింది. దాని బలం నియమగిరిలో కనిపించింది. ఒడిశాలోని ఆ కొండల మీద బాక్సైట్ గని విషయం గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. డోంగ్రియా కొంధులు, వాళ్ల ఇరుగుపొరుగు కలిసి 12 ఊళ్లలో సభలు పెట్టారు. 12 ఊళ్లూ వద్దన్నాయి. గని రాలేదు.

హక్కుకు అలవాటుపడిన జనం దాన్ని తేలిగ్గా వదులుకోరు. ఇంగ్లండులో ప్రభుత్వ అడవులను అమ్మే ప్రతిపాదన వచ్చినప్పుడు అయిదు లక్షల మందికి పైగా అభ్యంతరం చెబుతూ సంతకాలు చేశారు. 2011 ఫిబ్రవరిలో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. మన హైదరాబాదులో 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో బుల్డోజర్లు చెట్ల మీదికి వెళ్లాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తానే కల్పించుకుని నరికివేతను ఆపించింది. అక్కడి సుమారు 400 ఎకరాలు రికార్డుల్లో అడవి కాదన్నది ప్రభుత్వ వాదన. రికార్డులో పేరు లేని చెట్టు తరఫున మాట్లాడే అర్హత ఎవరికుంది? 1871లో లండన్ కార్పొరేషన్ శ్మశానం దస్తావేజు పట్టుకుని జవాబు చెప్పిన ప్రశ్న ఇదే.

చెట్టు మీద ప్రేమ మన తెలుగు నేలలో తక్కువ కాదు. ఊరూరా రావిచెట్టు చుట్టూ రచ్చబండలున్నాయి. మర్రి నీడలో సంతలు జరుగుతున్నాయి. ఆ ప్రేమకు కాగితం బలం కావాలి. ఏజెన్సీ పల్లెల్లో సామూహిక అటవీ హక్కు కోసం గ్రామసభ తీర్మానం చేసి దరఖాస్తు పెట్టడం, పట్టణాల్లో వీధి చెట్లకూ చెరువు గట్టు చెట్లకూ వార్డు వారీగా లెక్క రాసి 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద ప్రతి నరికివేతకూ అనుమతి పత్రం అడగడం చూడడానికి చిన్న పనులు. కానీ చెట్టు కూలాక చేసే ధర్నా కన్నా చెట్టు నిలిచి ఉండగా సంపాదించుకున్న హక్కు ఎక్కువ కాలం నిలుస్తుంది. విల్లింగేల్, హనుమంతు, భీమ్ అడిగింది సర్కారు దయ కాదు, తమ వాటా. ఆ వాటాను రాతలో పెట్టించుకునే వీలు ఇవాళ మన గ్రామసభకు ఉంది, మన వార్డుకు ఉంది. వాడుకోవలసింది మనమే.